జీతగాడు

"జీతగాడు అని రాస్తవా? కొట్టెయ్ దాన్ని!"

పాస్టర్ ఏలియా కాగితాన్ని బల్లమీదికి ఇసిరేసిండు. నాచారం చర్చి వెనక గదిల కూసొని ఆయన, పద్మశ్రీ ఇద్దరు బైబిల్‌ను తెలంగాణ మాటల్లకు మారుస్తున్నరు.

"పాత బైబిల్ల లెక్క 'పాపానికి దాసులు' అంటే మనోళ్ళకు భక్తులే యాదికొస్తరన్నా. దొరకు కట్టుబడి చాకిరి జేసే జీతగాని బాధ అండ్ల కనవడది," అన్నది పద్మశ్రీ.

"మా నాయిన మీ తాత కాడ పశువుల కొట్టంల పడి బతికిన జీతగాడు. ఆయననే పాపి అంటున్నవా?"

"జీతగాన్ని గాదు. ఈ వాక్యంల పాపమే దొర. మనిషిని గుంజుకపోయి చాకిరి జేయించుకుంటది."

ఏలియా నవ్విండు. "గట్లయితే ఉంచు. ఆ దొర మీ తాతే. ఆయన సంగతి అందరు ఇనాలె."

"కింది వాక్యం గూడ సదువు మరి."

"ఇప్పుడు మీరు దేవుని జీతగాళ్ళు..." అక్కడ్నే ఆగిపోయిండు.

కాగితం కింద పెట్టిండు. "మా నాయిన సచ్చేముందు ఒక్కటే మాటన్నడు. దేవుని దగ్గరికి పోతున్న, ఇగ ఎవ్వని కాడ జీతముండ, అని."

పద్మశ్రీ మొఖం దించుకొని పెన్ను తీసింది. "రెండు దిక్కుల కొట్టేస్తనన్నా."

ఏలియా కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఈ మాట సంఘమంతటికి గద? సంఘపెద్దకు గూడ?"

"అవును."

సంఘపెద్ద ఆ దొర కొడుకే. పద్మశ్రీ తండ్రి.

"అయితే ఉండనియ్. ఆదివారం మీ నాయిన లేసి నిలబడి ఈ వాక్యం సదివి, 'నేను దేవుని జీతగాన్ని' అని అందరు ఇనంగ చెప్పాలె."