ఆవిడ చెప్పిన ముగింపులు

"అదేంటండీ, ఆ నావికుడు చివర్లో మునిగి చచ్చిపోతాడు కదా!"

లైబ్రేరియన్ ఆ పెద్దావిడ మొహం మీదే అనేసింది.

కుర్చీల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. వాళ్లలో ఉన్న దర్జీ అయితే కళ్లజోడు తీసి మరీ కళ్లు తుడుచుకున్నాడు.

ఆదివారం సాయంత్రాలు లైబ్రరీ మేడమీది గదిలో పాఠకులు చేరి, ఈమధ్య చదివిన పుస్తకాల గురించి చెప్పుకుంటారు. కొత్తగా వస్తున్న ఆ పెద్దావిడ సముద్రం నవల గురించి చెప్పింది. బాగానే చెప్పింది. ఉప్పుగాలికి తుప్పుపట్టిన గడియ తీసి భార్య రోజూ రేవు వైపు చూసే ఘట్టం చెబుతుంటే గది చడీచప్పుడూ లేకుండా వింది.

తీరా చివరికొచ్చేసరికి, నావికుణ్ణి క్షేమంగా ఇంటికి చేర్చేసింది.

"అసలు చివరి పేజీ చదివారా?"

"చదివానమ్మా."

"మరి?"

"అలా చెప్పడం అలవాటైపోయింది."

తర్వాతి వారం అన్నదమ్ముల నవల. పుస్తకంలో ఇద్దరూ గోడ తగాదాతో మాటల్లేకుండానే పోతారు. ఆవిడ మాత్రం ఇద్దరినీ ఒకే కంచం దగ్గర కూర్చోబెట్టింది.

"ఈవిడ చేతిలో పడితే చచ్చినవాళ్లు కూడా లేచి కూర్చుంటారు!" అన్నాడు దర్జీ.

మళ్లీ నవ్వులు.

లైబ్రేరియన్‌కి నవ్వు రాలేదు. కోపమూ రాలేదు.

తండ్రి పోయినప్పటి నుంచీ ఆమెకి ఏదీ రావడం లేదు. ఆయన పోయిన సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, వెంటనే రమ్మని. లైబ్రరీ మూసే టైం అయ్యాక వెళ్దాంలే అనుకుంది. వెళ్లేసరికి మంచం మీద కొత్త దుప్పటి పరుస్తున్నారు.

కన్నీళ్లు వస్తాయేమోనని చూసింది. రాలేదు.

ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివింది. దేని గురించి అడిగినా గడగడా చెప్పేయగలదు. ఎవరు పోయారో, ఎందుకు పోయారో, మిగిలినవాళ్లు ఏమయ్యారో. కానీ ఒక్క వాక్యం లోపలికి దిగితే ఒట్టు. మూసిన కిటికీ అద్దంలోంచి వాన చూస్తున్నట్టుండేది.

అందరూ వెళ్లిపోయాక కూడా పెద్దావిడ కదల్లేదు.

"నీతో ఓ మాట చెప్పాలమ్మా."

"పుస్తకం సంగతైతే వచ్చే వారం చెప్పండి."

"పుస్తకం కాదు..."

"ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగితే రండి. లేకపోతే అందరికీ టైం దండగ."

ఆవిడ నోరు తెరిచింది. లైబ్రేరియన్ మొహంలోకి కాసేపు చూసింది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు. రాలేదన్న సంగతి కూడా లైబ్రేరియన్ పట్టించుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఓ నర్సు రెండు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మా వార్డుకొచ్చే పెద్దమ్మ తీసుకున్నవండీ ఇవి. పోయిన వారం నిద్రలోనే వెళ్లిపోయింది."

లైబ్రేరియన్ పుస్తకాలు దగ్గరకు లాక్కుంది. "ఏ వార్డు?"

"బాగా సీరియస్‌గా ఉన్నవాళ్ల వార్డు. పక్కన ఎవరూ లేనివాళ్లకి కూర్చుని చదివి వినిపించేది. కథ సగంలో ఉండగానే మనిషి జారిపోతున్నాడనిపిస్తే, గబగబా ముగింపు చెప్పేసేది. అందరూ బాగున్నారని, అంతా సర్దుకుందని. పోయేవాళ్లకి అంతకంటే ఏం కావాలండీ!"

"ఊఁ."

నర్సు ఆమె వంక పరీక్షగా చూసింది.

"మీరు... కిటికీ పక్క మంచం పెద్దాయన అమ్మాయి కదూ?"

"అవును."

"మరి చెప్పిందా మీకు? ఆ మాట చెప్పాలనే ఇక్కడికి రావడం మొదలుపెట్టింది. ప్రతిసారీ, ఇవాళా నోరు రాలేదే అని బాధపడేది."

"ఏం చెప్పాలి?"

నర్సు గొంతు తగ్గించింది.

"అప్పటికి మీ నాన్నగారికి చూపు ఆనడం లేదు. అమ్మాయి వచ్చిందా, అమ్మాయి వచ్చిందా అని ఒకటే కలవరింత. మాకు ఏం చెప్పాలో తోచలేదు. పెద్దమ్మ చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని, 'వచ్చాను నాన్నా' అందండీ."