ఎడమ కంటి ఏడుపు

డాక్టరమ్మ ఆమె ముక్కు పక్కన లేచిన గడ్డను వేలితో మెల్లగా నొక్కింది. ఎడమ కంట్లోంచి నీళ్లొచ్చాయి. అందులో నెత్తుటి జీర ఉంది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"మా ఆయన నన్నొదిలేసి వెళ్లినప్పటి నుంచి," అంది కుట్టుపని చేసుకునే ఆ మనిషి.

డాక్టరమ్మ వేలు వెనక్కి తీసుకుంది. గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని, స్కాన్ తీయించాలని చెప్పింది.

ఏడాది కిందట ఆమె భర్త ఇంకొకావిడతో కాపురం పెట్టాడు. నమ్మించి గొంతు కోశాడు. తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కన్ను కారడం మొదలైంది. ఇక చూసేవాళ్లకు వేరే రుజువెందుకు? మొగుడి కోసం ఏడుస్తోందని వీధంతా తేల్చేసింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు ఓదార్చి పోయేవాళ్లు. పీడ విరగడైందనుకోక ఇంకా ఆ వెధవ కోసం ఏడుస్తావేంటే అని అక్క తిట్టిపోసేది. ఒక్క కంటితో ఏడ్చేవాళ్లు ఎక్కడైనా ఉంటారా అని ఎవరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే ఆమెకే తోచలేదు. కంటి మూల గడ్డ లేచాక గానీ భయం పుట్టలేదు.

రిపోర్టులు వచ్చాక డాక్టరమ్మ మళ్లీ పిలిపించింది. కన్నీళ్లు ముక్కులోకి దిగే దారిలో ఒక చిన్న సంచి ఉంటుందని, అందులో క్యాన్సర్ పుట్టిందని, చాలా అరుదైనదని నిదానంగా చెప్పింది. సంచినీ దాని కింది గొట్టాన్నీ తీసేయాలి. తర్వాత రేడియేషన్ ఇవ్వాలి. ఆలస్యమైతే కన్ను పోతుంది, ప్రాణం మీదికీ వస్తుంది.

ఆ కళ్లే ఆమెకు కూడు పెట్టేవి.

"ఈ ఆపరేషన్ నేను చేయకపోవడమే మంచిది," అంది డాక్టరమ్మ, రిపోర్టు మీంచి తలెత్తకుండా. "వేరే డాక్టరుగారితో నేనే మాట్లాడతాను. ఆయన బాగా చూస్తారు."

ఈ పనిలో ఆవిడ చేతిని మించిన చేయి లేదని మొదట చూసిన డాక్టరు ఒట్టేసి మరీ చెప్పాడు. బయట నర్సులూ అదే మాట అన్నారు. అందుకే వారం రోజులు తనలో తాను కొట్టుమిట్టాడి, చివరికి ఈ గుమ్మమే తొక్కింది.

"ఇంకెవరి దగ్గరికీ పోను. మీరే చేయాలి."

"నా మాట వినండి..."

"మీరు వినండి డాక్టరుగారూ, నా మొగుణ్ణి ఎలాగూ తీసేసుకున్నారు, కన్నయినా నాకు మిగల్చండి."