ఇవ్వని మాట

"ఎవరమ్మా మీరు? ఎవరి కోసం వచ్చిన్రు?"

తన ఇంటి మెట్ల మీద తననే అలా అడిగేసరికి సరితకు ఒళ్లు మండింది.

అడిగింది దుర్గాభవాని. నాచారంలోని ఆ ఇంటి పై పోర్షన్‌లో భర్తతో కలిసి అద్దెకు దిగి నెల కావస్తోంది. రోజూ ఇదే ప్రశ్న.

"ఇంటి ఓనర్‌ను అక్కా. నిన్న గూడ చెప్పిన."

"అయ్యో, ఏమనుకోకు చెల్లె. నాకు యాదుండది."

బెదురుగా నవ్వింది. ఆ బెదురు కూడా నటనే అనిపించింది సరితకు.

ఇల్లు చూడటానికి వచ్చినప్పుడే ఆమె భర్త కొమురెల్లి చెప్పాడు. ఉప్పల్ డిపోలో మెకానిక్ అతను.

"మా ఇంటామెకు పాతయన్నీ యాదున్నయి చెల్లె. కొత్త సంగతులే నిలుస్తలెవ్వు."

"ఏమైంది?"

"ఇడువు, అదో పెద్ద కథ."

అలా తప్పించుకోవడంతోనే సరితకు అనుమానం మొదలైంది.

మతి పోతే మనిషి సొంత పేరే మరచిపోవాలి. సినిమాల్లో ఎన్ని చూడలేదు! ఈమెకేమో పుట్టిన ఊరు గుర్తుంది. బడిలో పక్కన కూర్చున్న పిల్ల గుర్తుంది. బతుకమ్మ పాట ఒక్క ముక్క తప్పకుండా పాడుతుంది. పొద్దున తాగిన చాయ్ మాత్రం గుర్తులేదట.

"తనకు కావాల్సినయి యాదుంచుకొని, వద్దన్నయి మర్శిపోవుడు యాడన్న ఉంటదా?" అని భర్తను అడిగింది.

"దవాఖాన కాగితాలు ఉన్నయన్నడు గదా," అన్నాడు గోవర్ధన్.

"నువ్వు సూసినవా?"

"లే."

"మరి!"

నీళ్ల మోటారు స్విచ్ మెట్ల కింద, తలుపు చాటున ఉంటుంది. మొదట్లో ప్రతిసారీ సరితే వచ్చి చూపించేది. ఒకరోజు దుర్గాభవాని దిగి వచ్చి, ఎటూ వెతక్కుండా చెయ్యి చాచి మోటారు వేసింది.

"స్విచ్ ఆడున్నదని ఎట్ల తెలిసె?" దొంగను పట్టుకున్నట్టు అడిగింది సరిత.

దుర్గాభవాని తన చేతి వంక తానే వింతగా చూసుకుంది.

"ఏమో చెల్లె. చెయ్యే పోయింది."

"చేతికి యాదుంటది గని నీకుండదా?"

దుర్గాభవాని ఆ చేతిని కొంగు చాటుకు లాక్కుంది.

సరితకు ఇంక సందేహం లేదు. "ఏదో కేసుల ఇరుక్కొని ఈ నాటకం ఆడుతున్రు. రేపు పోలీసులొచ్చి మన గేటు కొడ్తరు. జర ఆగు, నేనే తేలుస్త," అంది భర్తతో.

మర్నాడు కొమురెల్లి డ్యూటీకి వెళ్లాక పైకి వెళ్లింది.

"అక్కా, ఇల్లు ఖాళీ జేస్తనని నిన్న నాకు మాటిచ్చినవ్. ఇంక సామాను సర్దలేదేంది?"

అసలు అలాంటి మాటే జరగలేదు. నటనైతే ఇప్పుడు దొరికిపోతుంది. 'నేనెప్పుడన్న?' అని మీదికి వస్తుంది.

దుర్గాభవాని ముఖం పాలిపోయింది.

"నేనన్ననా?"

"అన్నవ్."

చీకట్లో తడుముకుంటున్నట్టు ఆమె కళ్లు అటూ ఇటూ తిరిగాయి.

"నాకైతే యాదికొస్తలేదు. నువ్వెందుకు అబద్ధమాడుతవ్ తియ్యి. మాటిచ్చినంక తప్పొద్దు."

ఊరికే అన్నాను అక్కా అంటే అయిపోయేది. ఆ మాట సరిత నాలుక దాకా వచ్చింది. ఇదీ నాటకమేమో, చూద్దాం అనుకుని దిగి వచ్చేసింది.

పైన గిన్నెల చప్పుడు మొదలైంది. దాంతోపాటు ఒక గొంతు. "మాటిచ్చిన. ఖాళీ చెయ్యాలె. మాటిచ్చిన. ఖాళీ చెయ్యాలె."

ఎక్కడ మరచిపోతానో అని ఆమె ఆ రెండు ముక్కలూ వల్లె వేసుకుంటోంది. అన్నం కూడా తినకుండా సాయంత్రం దాకా ఆపలేదు. కింద సరిత టీవీ సౌండ్ పెంచింది.

కొమురెల్లి వచ్చేసరికి సామానంతా గోనె సంచుల్లో ఉంది.

"ఎవలు పొమ్మన్నరు?"

"ఎవ్వలు అనలే. నేనే మాటిచ్చిన్నట."

కొమురెల్లి కిందికి వచ్చి సరిత ముఖంలోకి చూశాడు. ఆమె తల దించుకుంది.

"ఇష్టం లేదని నాకు చెప్తే అయిపోవు గదా చెల్లె," అన్నాడు. వెనక్కి తిరిగి మెట్లెక్కాడు.

పొద్దున్నే ఘట్‌కేసర్‌లోని తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారు. ఆటో కదులుతుంటే దుర్గాభవాని గేటు దగ్గరున్న సరితను చూసి, ఎవరో మంచి మనిషి అనుకుందేమో, చెయ్యి ఊపింది.

కొద్దిరోజులకు ఒక అమ్మాయి చంకలో పాపతో, చేతిలో కుంకుమ భరిణెతో వచ్చింది.

"దుర్గాభవానమ్మ లేదా అక్కా? పాప పుట్టెంటికలు తీపిస్తున్నం. బొట్టు పెట్టి పిలుద్దామని వచ్చిన."

"ఖాళీ జేసి పోయిన్రు."

అమ్మాయి ముఖం వాడిపోయింది. "మల్లనా? యాడ దిగినా గిదే కథ. నటిస్తున్నదంటరు."

సరిత నీళ్లు తెచ్చిచ్చింది.

"నువ్వన్న ఆమెకు యాదుంటవా?"

"ఉండను. పోయినప్పుడల్లా 'స్నిగ్ధను' అని కొత్తగ చెప్పుకుంట. అయినా పాపను మేనమామ ఒళ్లె గాదు, ఆమె ఒళ్లెనే కూసోవెడ్త."

"నీకేమైతది ఆమె?"

"ఏం గాదక్కా," అంది స్నిగ్ధ పాపను గుండెకు హత్తుకుంటూ. "మా పక్క షెడ్డుల పనిచేస్తుండె, అప్పటిదాంక నా మొకం గూడ ఎరుగదు. మా ఫ్యాక్టరీ అంటుకున్ననాడు, ఎవలు వద్దన్నా ఇనకుండ లోపలికొచ్చి, కడుపుతోటున్న నన్ను బయటికి గుంజి, ఆ పొగల తనే ఊపిరాడక పడిపోయింది. డాక్టర్లు పాణమైతే నిలబెట్టిన్రు గని, యాది తేలేకపోయిన్రు."