జావ ముట్టనివాడు

అడవికీ సర్కారుకీ మధ్య సంధి చేజారిపోయిన రోజున ఆ ఊళ్ళో ఎవరూ ఏడవలేదు.

చేజారిందని ఎవరికీ తెలియలేదు మరి.

వాళ్ళు చూసింది ఒక్కటే. తెల్లదొర జీపులోంచి ఒక ముసలివాడు దిగాడు.

సర్కారు కొండమీది గుడిసెలన్నీ తగలబెట్టి, జనాన్ని తోలుకొచ్చి, చుట్టూ కందకం తవ్వించి కూర్చిన ఊరది. అక్కడికి జీపులో వచ్చినవాడెవడూ మంచికి రాలేదు. కిందటిసారి వచ్చినవాడు తలకు గోనెసంచి తొడుక్కుని, రెండు కంతల్లోంచి చూస్తూ ఒక్కొక్కరికేసి వేలు చూపించాడు. ఆ వేలు తగిలిన మగాళ్ళు మళ్ళీ కనిపించలేదు.

ఈ ముసలివాడు సంచి కూడా తొడుక్కోలేదు. తిన్నగా వంగిథి గుడిసె ముందుకొచ్చి నిలబడ్డాడు.

వంగిథి మొగుడు గథోగో న్యాండరువా అడవిలో ఉన్నాడు, సర్కారు మీద తుపాకి పట్టినవాళ్ళతో. ఊరంతటికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

"కూర్చోవచ్చా, అమ్మా?"

"జీపులో కూర్చుని వచ్చినవాడికి మా ముక్కాలిపీట కంటికి ఆనుతుందా?"

పక్క గుడిసె న్యాకియో కట్టెలమోపు దించి నవ్వింది.

"దులిపి వెయ్యి వదినా. సర్కారు బట్ట, మాసిపోతుంది."

ముసలివాడు నేలమీదే కూర్చున్నాడు.

గడపలోకి వచ్చినవాడు శత్రువైనా సరే, జావ పోయకుండా ఏమీ అడగకూడదు. వంగిథి సొరకాయబుర్రలో జావ తెచ్చి ఒంటిచేత్తో చాపింది.

"వద్దమ్మా. తాగను."

"ఏం?"

"తాగకూడదు."

"చూశావా!" అంది న్యాకియో. "దొర రొట్టె మరిగిన నోరు. మన జావ గొంతు దిగుతుందా?"

"విషం కలిపాననుకున్నాడు పాపం," అంది వంగిథి. "భయపడకు తాతా. విషం కొనేంత కలిగినవాళ్ళం కాదు."

ముసలివాడికి కోపం రాలేదు. రాకపోవడం చూసి వాళ్ళకు ఇంకా ఒళ్ళు మండింది.

"రెండు వాగులు కలిసే చోటికి దారెటు?" అన్నాడు. "నిన్నే అడగమన్నారు."

"ఎవరు?"

అతను న్యాకియో వైపు చూశాడు. కందకం దగ్గర నిలబడ్డ సర్కారు హోంగార్డుల వైపు చూశాడు. "దారి చెబితే చాలమ్మా," అన్నాడు.

వంగిథి జావబుర్రను కింద పెట్టేసింది. ఆ వాగుల దగ్గరే రాతి సందులో ఆమె గథోగో కోసం ఉడికించిన చిక్కుళ్ళు దాచి వస్తుంది. జీపులో దిగినవాడికి ఆ చోటు ఎలా తెలిసింది?

వాగుల దగ్గరికి వెళ్ళేది పై దారి. కింది దారి చెట్లు నరికేసిన పట్టీలోకి పోతుంది. అక్కడ కదిలినదాన్నల్లా సిపాయిలు కాల్చేస్తారు.

"కింది దారిన పో," అంది.

"కింది దారేనా, అమ్మా?"

"చెయ్యి పెట్టి చూపిస్తున్నాను. కళ్ళు కూడా దొర దగ్గరే వదిలొచ్చావా?"

ముసలివాడు లేచాడు. పెద్దలు దీవించే పద్ధతిలో తన రొమ్ముమీద తుంపర ఊసుకుని, "చల్లగా ఉండు తల్లీ," అన్నాడు.

"నీ ఉమ్మి దాచుకో. దొర బూట్లు తుడవడానికి పనికొస్తుంది."

అతను వెళ్ళాక న్యాకియో గొంతు తగ్గించింది.

"అటు పంపావేమిటి వదినా? సిపాయిలుంటారు."

"ఉంటే? వాళ్ళ కుక్కను వాళ్ళే కాల్చుకుంటారా?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

కాసేపటికి కిందినుంచి తుపాకి చప్పుడొచ్చింది. అడవిపందై ఉంటుందనుకున్నారు.

మర్నాటినుంచి విమానాలు మొదలయ్యాయి. అడవిమీద బాంబులు పడుతుంటే గుడిసెల్లో కుండలు కదిలేవి.

ఒక మధ్యాహ్నం కట్టెలకు వెళ్ళినప్పుడు, కాపలావాడు నీడలో కునుకుతుండగా, వెదురు పొదలోంచి వంగిథిని ఎవరో పిలిచారు.

"కినూథియా కూతురా!"

గథోగో. ఆమెను తండ్రి పేరుతో పిలిచేది అతనొక్కడే. మొహంలో కళ్ళే మిగిలాయి.

"ముసలాయన మన ఇంటికి రాలేదా?" అన్నాడు.

"ఏ ముసలాయన?"

"సంధి మాట మోసుకొచ్చేవాడు. జీపు ఊరిదాకే రావాలి, అక్కణ్ణుంచి ఆయనొక్కడే నడవాలి అన్నాం. దొర సరేనన్నాడు. దారి నిన్ను అడగమని నేనే కబురు పెట్టాను. పచ్చకొమ్మలు పట్టుకుని వాగుల దగ్గర పొద్దంతా కూర్చున్నాం. రాలేదు. మేం మాట తప్పామని దొర అంటాడు. దొరే తప్పాడని మావాళ్ళంటారు. ఆ రోజు కుదిరి ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేవాణ్ణి."

వంగిథి కట్టెలు కట్టే తాడును వేళ్ళకు చుట్టుకుంది.

"ఎవరైనా... మన ఇంటికొచ్చి జావ ముట్టకపోతే?"

"సంధి మోసేవాడు ముట్టడు. రెండు వైపులవాళ్ళూ కలిసి మేకను కోసుకు తినేదాకా ఏ వైపు ఇంటా మంచినీళ్ళు కూడా తాగడు. తాతలనాటి కట్టుబాటు. నీకు తెలియదా?"

తెలియదు. సంధి అనేదాన్ని చూసిన వయసు కాదు ఆమెది.

"ఆయనే ఎందుకు? ఇంకెవరూ దొరకలేదా మీకు?"

"ఎవరి పేరు చెప్పినా ఒక వైపువాళ్ళు ఊ అంటే ఇంకో వైపువాళ్ళు ఉమ్మేశారు. ఆయన పేరు చెప్పగానే రెండు వైపులవాళ్ళూ తలలు దించుకున్నారు."

"ఏం, అంత గొప్పవాడా?"

గథోగో ఎందుకో చెప్పాడు. వంగిథి మాత్రం తనకు తెలిసింది చెప్పలేదు.

"ఇంకొకరిని వెతుకుతున్నాం," అని అతను మళ్ళీ వెదురులోకి వెళ్ళిపోయాడు.

పెద్దకొడుకును దొర ఉరితీసినా, హోంగార్డుల్లో చేరిన చిన్నకొడుకును అడవివాళ్ళు నరికినా, ఆ రెండు వైపుల మధ్యా సంధి కోసం నడవడానికి ఆయనలా ఒప్పుకునే తండ్రి ఇంకొకడు ఇంతవరకూ దొరకలేదు.