పోలరాజు లైసెన్సు

"మేడమ్, ఒక పిటిషను కొట్టిపెట్టాలండి."

కోర్టు గేటు పక్కన రేకుల పంచ కింద టైపు మిషను ముందు కూర్చున్న గౌసియా తలెత్తలేదు. కంప్యూటర్లు ఇంకా ఆ గేటు దాకా రాని రోజులు. పని బోలెడు.

"దేనికి?"

"జరిమానా కట్టుకోడానికండి. పాత కేసు. అప్పటి లారీ ఓనరు కడతానన్నాడు, కట్టలేదు. ఇప్పుడు లైసెన్సు రెన్యువల్‌కి పోతే, కోర్టు రసీదు తెస్తేనే చేస్తామంటున్నారు."

"అయితే ఇవాళే కట్టాలి. రేపట్నించి మేజిస్ట్రేటు గారు సెలవు. ఇన్‌ఛార్జి వాళ్ళు పాత కేసులు ముట్టుకోరు."

"అందుకే పరిగెత్తుకొచ్చానమ్మా. కంకిపాడులో కాలేజీ బస్సు ఉద్యోగం. సోమవారం లైసెన్సు చూపించకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటారంట."

యాభై దాటిన మనిషి. ఉతికి ఉతికి తెల్లబడ్డ ఖాకీ చొక్కా.

"పేరు?"

"పోలరాజండి."

గౌసియా వేళ్ళు ఆగిపోయాయి.

"ఏం కేసు?"

"లారీ యాక్సిడెంటండి. బందరు రోడ్డు మీద. సైకిలు మీద పోతున్న కుర్రాడు... అఫ్జల్ అని."

"నువ్వే గుద్దావా?"

అతను చొక్కా చేత్తో నుదురు తుడుచుకున్నాడు.

"కోర్టులో ఒప్పుకున్నానమ్మా."

అతను ఒప్పుకున్న రోజున గౌసియా కోర్టుకు రాలేదు. భర్త పోయి ఇద్దత్‌లో ఉంది, గడప దాటకూడదు. అందుకే ఆ డ్రైవరు ముఖం ఎప్పుడూ చూడలేదు. పేరు మాత్రం మరిచిపోలేదు. ప్రతి నమాజు తర్వాతా ఆ పేరు తలుచుకుని శపించింది.

"ఆ అఫ్జల్ మా ఆయన," అంది.

పారిపోతాడనుకుంది. కాళ్ళ మీద పడతాడనుకుంది. పోలరాజు రెండూ చెయ్యలేదు.

"పాప బాగుందా అమ్మా? ఇన్సూరెన్సు క్లెయిము డబ్బులు మొత్తం ఇచ్చారా?" అని అడిగాడు.

గౌసియాకు ఒళ్ళు మండిపోయింది. క్లెయిము వచ్చింది. ఈ టైపు మిషను, కూతురు ఆస్రా చదువు, అన్నీ ఆ డబ్బే. చంపినవాడే వచ్చి, పోయిన ప్రాణానికి ఖరీదు ముట్టిందా అని అడుగుతున్నాడు!

"రిబ్బను తెగింది. లంచ్ అయ్యాక రా."

"అప్పటికి కోర్టు లేస్తుందేమోనమ్మా..."

"నేనేం చెయ్యను?"

పోలరాజు పక్క మిషను దగ్గరికి నడిచాడు. గౌసియా అక్కడున్న శౌరమ్మకు కనుసైగ చేసింది. శౌరమ్మ రిబ్బను కూడా తెగింది. ఆ పక్క బల్ల వాళ్ళదీ తెగింది. అన్నం ముద్ద పంచుకున్నట్టే ఆ పంచ కింద వాళ్ళు పగ కూడా పంచుకునేవారు.

అతనికి అర్థమైంది. గొడవ చెయ్యలేదు. గౌసియా టకటకా ఇంకెవరిదో అద్దె అగ్రిమెంటు కొడుతుంటే ఓ నిమిషం చూసి, వన్‌టౌన్ వైపు పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

పిటిషను కొట్టించుకుని చెమటలు కక్కుతూ తిరిగొచ్చేసరికి మేజిస్ట్రేటు గారి కారు గేటు దాటిపోతోంది.

గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ గౌసియా వైపు తిరిగాడు.

"పోనీలెండమ్మా. పాపని బాగా చదివించండి."

ఆమె ముఖం తిప్పుకుంది.

ఆ సాయంత్రం వించిపేటలో ఇంటికి పోయి సేమ్యా పాయసం చేసింది.

"ఇవాళేం పండగ అమ్మీ?" అంది ఆస్రా.

"తిను," అంది గౌసియా.

వానలు పడ్డాయి. కోతలైపోయి కొత్త ధాన్యం మిల్లులకు వచ్చింది. ఒకరోజు వకీలు గుమాస్తా బసవపున్నయ్య కాగితాలతో వచ్చాడు. అఫ్జల్ క్లెయిము కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనే. గౌసియాకు ఆయనంటే గౌరవం.

"అమ్మాయ్, ఒక పిటిషను కొట్టు. రైసు మిల్లులో బస్తాలు మీదపడి ఒకడు పోయాడు. భార్య పేరమ్మ, దిక్కులేని మనిషి. ఆ వయసులో బస్తాలు మొయ్యడం ఏంటంటే, చేతిదాకా వచ్చిన బస్సు ఉద్యోగం లైసెన్సు లేక పోయిందంట."

గౌసియా గబుక్కున తలెత్తింది.

"పోలరాజేనా?"

"నీకు తెలుసా?"

ఒక్క క్షణం భయమేసింది. మరుక్షణం మొండితనం వచ్చింది.

"నేను కొట్టను బాబాయ్ గారూ. వాడు మా ఆయన్ని పొట్టన పెట్టుకున్నాడు. ఆ లైసెన్సు రాకుండా చేసింది నేనే. అల్లా చూశాడు."

బసవపున్నయ్య చేతిలోని కాగితాలు బల్ల మీదికి జారిపోయాయి.

"ఎంత పని చేశావమ్మాయ్..."

"ఏం? చంపలేదా?"

ఆయన అటూ ఇటూ చూసి, బల్ల మీదకి వంగాడు.

"ఆ రోజు లారీ తోలింది ఓనరు కొడుకు. వాడికి లైసెన్సు లేదు. లైసెన్సు లేనోడు గుద్దితే ఇన్సూరెన్సు వాళ్ళు మీకు పైసా ఇవ్వరని ఆస్పత్రి దగ్గర నేనే అన్నాను. కేసు మీదేసుకోమని ఓనరు డ్రైవర్లందరినీ బతిమాలాడు. ఒక్కడూ ఒప్పుకోలేదు."

"మరి పోలరాజు?"

"నీకు చెబితే క్లెయిము ఊడుతుందేమోనని ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నానమ్మా."

"పోలరాజు సంగతి చెప్పండి బాబాయ్ గారూ!"

"అతను ఆ లారీ ఎక్కనే లేదు, శవం పక్కన మీ అత్త చేతుల్లో ఏడుస్తున్న చంటిపిల్లని చూసి, 'నాకు లైసెన్సుంది కదండీ, నా పేరు రాసుకోండి' అన్నాడు."