పదమూడో చీటీ

"కొనకూడదు. తలుపు కొట్టకూడదు. పేరు చెప్పకూడదు."

అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఫోన్ గ్రూపులో పెట్టిన నిబంధనలు ఇవి.

ఆ భవనంలో పన్నెండు ఇళ్ళు. ఏటా సంవత్సరం చివరి సెలవుల్లో ప్రతి ఇల్లూ మిగతా పదకొండు ఇళ్ళకూ కానుకలు పంచేది. కిందటేడు రెండో అంతస్తు నుంచి బయల్దేరిన గాజు గిన్నెల పెట్టె ఒకటి, ఎవరూ విప్పకుండానే నాలుగిళ్ళు తిరిగి క్షేమంగా రెండో అంతస్తుకే చేరింది.

ఈ ఏడు మహమ్మారి పుణ్యమా అని ఆ యాతన తప్పింది. ఇంటికొక చీటీ. అందులో ఎవరి పేరుంటే వాళ్ళకి, ఇంట్లో ఉన్నదో, చేత్తో చేసిందో, ఒక్కటంటే ఒక్కటి. శనివారం చీకటి పడేలోగా తలుపు పిడికి తగిలించి వచ్చెయ్యాలి.

సెక్రటరీ చీటీలు పంచుతూ చివరి అంతస్తుకి వచ్చేసరికి, డాబా మీది గదిలో ఉండే మనిషి మెట్లు దిగుతూ ఎదురయ్యాడు. అన్నీ మూతపడటానికి వారం ముందు అద్దెకొచ్చాడు. పేరెవరికీ తెలియదు. ఎప్పుడూ దగ్గుతుంటాడని అందరూ దగ్గాయన అంటారు.

"సార్, నాకూ ఒక చీటీ ఇస్తారా?"

సెక్రటరీ రెండు మెట్లు వెనక్కి దిగాడు.

"పన్నెండిళ్ళకే రాశామయ్యా. పదమూడైతే లెక్క కుదరదు."

"నాకెవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు సార్. నేనే ఎవరికైనా..."

మాట పూర్తికాకముందే దగ్గు తెర వచ్చింది. మొహం పక్కకి తిప్పుకుని మోచేతిలోకి దగ్గాడు.

"ముందు నువ్వు పైకెళ్ళు."

వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే సెక్రటరీ గది యజమానికి ఫోన్ చేశాడు.

"ఇక్కడ పసిపిల్లలున్నారు, ముసలామె ఉంది. ఆ దగ్గు వింటుంటే భయంగా ఉందండీ. శనివారంలోగా ఖాళీ చేయించండి."

అందరి మేలు కోరి చేశాననుకున్నాడు. భయానికి మేలని పేరు పెట్టుకోవడం పెద్దమనుషులకి అలవాటే.

ఇక సెక్రటరీకి వచ్చిన చీటీలో మూడో అంతస్తు బామ్మ పేరుంది. ఒంటరి మనిషి. పది నెలలుగా గడప దాటలేదు. చీటీని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చొక్కా వాషింగ్ మెషీన్లోకి వెళ్ళింది. చీటీతోపాటు బామ్మ కూడా బుర్రలోంచి కొట్టుకుపోయింది.

ఆదివారం పొద్దున్న తలుపు తీస్తే, పిడికి నీలం దారంతో తన బూట్లే వేలాడుతున్నాయి. సోలు ఊడి నోళ్ళు తెరిచాయని బయట మూలన పడేసినవి. ఇప్పుడు చుట్టూ సన్నటి కుట్టు, కొత్తవాటికంటే గట్టిగా ఉన్నాయి.

"ఎవరోగానీ పనిమంతుడే!" అని మురిసిపోయాడు.

అంతలో బామ్మ గుర్తొచ్చింది. ఆమె తలుపుకి తనేమీ తగిలించలేదు. పదిగంటలకే ఫోన్‌లో అందరూ మొహాలు చూసుకునే సమావేశం.

సమావేశంలో బామ్మే ముందు మాట్లాడింది.

"ఎవరు తల్లీ, తెగిపోయిన నా చెప్పు కుట్టి తగిలించారు? నన్నెవరు తలుచుకుంటారులే అనుకున్నా. వేసుకుని వరండాలో నాలుగడుగులు నడిచొచ్చా. అవునుగానీ, తెల్లారుతుండగా తలుపవతల దగ్గు వినిపించింది. మనలో ఎవరికి దగ్గు పట్టుకుందర్రా?"



"మీ చీటీ నాకే వచ్చింది బామ్మగారూ. మర్చిపోయాను. నేనేమీ ఇవ్వలేదు," అన్నాడు సెక్రటరీ తలొంచుకుని.

"నేనూ ఇవ్వలేదండీ," అంది బామ్మ పక్కింటి లెక్కల టీచరు.

అప్పటిదాకా తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్న మరో ముగ్గురు నోరు విప్పారు. మొత్తం ఐదుగురు ఇవ్వలేదు. అయినా పన్నెండు తలుపులకీ కానుకలున్నాయి. అందులో ఐదు నీలం దారంవి. బామ్మ చెప్పు, సెక్రటరీ బూట్లు, ఊచ విరిగిన గొడుగు, అడుగు చిరిగిన కూరగాయల సంచి, చంటివాడి మూడు చక్రాల సైకిలు. ఐదూ ఎవరింటి బయట వాళ్ళు పడేసుకున్నవే.

"డాబా మీదాయన చీటీ అడిగాడు. పదమూడైతే లెక్క కుదరదని నేనే..." సెక్రటరీ ఆగిపోయాడు.

"ఎందుకు కుదరదండీ? ఎంతమందైనా కుదురుతుంది," అంది లెక్కల టీచరు.

సెక్రటరీ ఒక కాగితం చింపి 'డాబా మీది గది' అని రాశాడు. ఆ బూట్లే వేసుకుని, చీటీ పట్టుకుని పైకెక్కాడు.

గది తలుపు తీసే ఉంది. లోపల శుభ్రంగా ఊడ్చి ఉంది. మనిషి లేడు. కిటికీలో నీలం దారం ఉండ మాత్రం మిగిలింది.

యజమానికి ఫోన్ కలిపాడు.

"పొద్దున్నే వెళ్ళిపోయాడండీ. మీరేగా పంపించమంది?"

"ఏం పని చేసేవాడు?"

"బజార్లో చెప్పులూ గొడుగులూ బాగుచేసేవాడు. బజారు మూసేశాక పని లేదు. ఆ దగ్గంటారా, ఇవాళ్టిది కాదు. జిగురు వాసనకి ఇరవై ఏళ్ళుగా ఉన్నదే."

"ఆ మాట చెప్పొచ్చుగా!"

"మీరడగలేదు. నేనూ అడగలేదు. వెళ్ళేటప్పుడు తనే చెప్పాడు."

"ఎక్కడికెళ్ళాడు?"

"తెలియదండీ. ఫోన్ ఎత్తట్లేదు."

సెక్రటరీ కాళ్ళవైపు చూసుకున్నాడు. ఆ బూట్లతో అక్కడ నిలబడటానికి సిగ్గేసింది.

"నిజానికి నిన్న సాయంత్రమే వెళ్ళాల్సినవాడు," అన్నాడు యజమాని. "సామాను పట్టుకుని మెట్లు దిగుతూ ఫోన్ చేశాడు, 'కింద ఐదు తలుపులకి ఏమీ లేవు సార్, ఒక్క పూట గడువివ్వండి, ఆ పని చూసుకుని వెళ్ళిపోతా' అని."