అలిగి వెళ్ళిన గండుకప్ప

తామరకుంటలో దుందుభి అనే గండుకప్ప ఉండేది. సభ పెడితే చాలు, ఎత్తురాయి మీద చోటు తనకే కావాలని పేచీకి దిగేది. కాదంటే అలిగి లేచిపోయేది. మిగతా జీవులన్నీ పని మానుకుని, దాన్ని బతిమాలి వెనక్కి తెచ్చుకునేవి.

ఒక వేసవిలో కుంట గట్టుకు బొరియ పడి నీళ్ళు కారిపోసాగాయి. ఏం చేద్దామని సభ చేరింది. ఆ రోజు రాయి మీద తాబేలు కూర్చుంది. దుందుభి దాన్ని ఒక్క ముక్క మాట్లాడనివ్వలేదు. అరిచి అరిచి, "ఇలాంటి సభలో నేనుండను" అంటూ తుంగపొదల చాటుకు పోయి కూర్చుంది.

పిలుపు కోసం చెవులు రిక్కించింది. ఎవరూ రాలేదు. ఎండ ముదిరి వీపు చురచురలాడింది. చేసేది లేక తనే మెల్లగా గెంతుకుంటూ వెనక్కి వచ్చింది.

అక్కడ తాబేలు, పీత, నీటికోడి కలిసి బొరియలో బురద కూరుతున్నాయి. నీళ్ళు కారడం దాదాపు ఆగిపోయింది.

"నేను అలిగి వెళ్ళిపోయాను," అంది దుందుభి, అందరికీ వినబడేలా.

పీత తలెత్తి చూసింది. "అలాగా? ఎప్పుడు?" అని అడిగి, మళ్ళీ పనిలో పడింది.